చెవులకు శబ్దం పడనివారు బలమైన స్నోమొబైల్‌ను ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు విషయం ఇది. మీరు అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో ఉంటున్నారు, డులూత్‌కు ఉత్తరాన ఉన్న మంచు దారుల్లో తిరగడానికి స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, కొనాలనుకుంటున్నారు. మీకు చాలాకాలంగా చెవుల్లో హోరు ఉంది. వెనుక కూర్చునే మీ శ్రీమతి గారికి గంటసేపు ఎడతెగని రొద వింటే తలనొప్పి మొదలవుతుంది. అయినా ఇద్దరినీ, సామానునూ మోస్తూ ఎత్తుల్లో ఆయాసపడని బండే కావాలి. ఒక మిత్రుడు 850 సీసీ టూ-స్ట్రోక్ కొనమన్నారు, ఇంకొకరు ఎలక్ట్రిక్ తప్ప వేరే దారి లేదన్నారు. ఈ రెండు సలహాలూ మీ అవసరానికి సరిపడవని నా అభిప్రాయం. మీరు వెతకవలసింది ఇద్దరు కూర్చునేందుకు తయారైన టూరింగ్ బండిలో మూడు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ ఇంజిన్, వీలైతే టర్బోతో (ఎగ్జాస్ట్ వాయువుల బలంతో ఇంజిన్‌లోకి అదనంగా గాలిని నెట్టే పరికరం). ఎందుకో వివరంగా చెబుతాను. కారణాలు తెలిస్తే నేను పేర్కొన్న నమూనా దొరకనప్పుడు కూడా మీరే సరైనది ఎంచుకోగలుగుతారు.

బలమూ నిశ్శబ్దమూ ఒకదానికొకటి శత్రువులని చాలామంది అనుకుంటారు. పూర్తి వేగం మీద కొలిచినప్పుడు అది కొంతవరకు నిజమే కాని, మీరు రోజంతా పూర్తి వేగంతో వెళ్ళరు. మినెసోటాలో ప్రభుత్వ భూముల్లోని దారుల మీద వేగ పరిమితి గంటకు 50 మైళ్ళు, అంటే సుమారు 80 కిలోమీటర్లు. చెట్ల మధ్య మలుపుల్లో ఇద్దరితో వెళ్ళే బండి ఎక్కువసేపు 50–65 కిలోమీటర్ల మధ్యనే ఉంటుంది. ఆ వేగం దగ్గర 60 హార్స్‌పవర్ ఇంజిన్ గొంతు చించుకుంటూ పనిచేస్తుంది, 150 హార్స్‌పవర్ ఇంజిన్ తన శక్తిలో చిన్న భాగంతో అదే పని చేసేస్తుంది. స్నోమొబైల్‌లో గేర్లు ఉండవు, బెల్టుతో నడిచే క్లచ్చులే ఇంజిన్ వేగాన్ని సర్దుతాయి; కింది ఆర్‌పీఎంలోనే (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) లాగుడు బాగా ఉన్న ఇంజిన్ అయితే ఆ క్లచ్చులు దానిని తక్కువ ఆర్‌పీఎంలోనే ఉంచి బండిని నడిపించగలుగుతాయి. కాబట్టి అదనపు బలాన్ని వేగం కోసం కాకుండా, వాడకుండా వదిలెయ్యడం కోసం కొనండి. ఈ మాట దుకాణంలో అమ్మేవాళ్ళకు వింతగా వినిపిస్తుంది, వాళ్ళు మీకు గంటకు ఎన్ని మైళ్ళు పోతుందో చెప్పడానికి తొందరపడతారు, పట్టించుకోకండి.

ఇప్పుడు కాగితాల మీద కనిపించే అంకెల సంగతి. ఉత్తర అమెరికాలో అమ్మే స్నోమొబైళ్ళ మీద స్నోమొబైల్ సేఫ్టీ అండ్ సర్టిఫికేషన్ కమిటీ ముద్ర ఉంటుంది. 1975 ఫిబ్రవరి తరువాత తయారై ఆ ముద్ర పొందిన బండి పూర్తి థ్రాటిల్ (యాక్సిలరేటర్) మీద 50 అడుగుల దూరం నుంచి చూస్తే 78 డెసిబెళ్ళు మించకూడదు. 1976 జూన్ తరువాతి బండ్లు గంటకు 15 మైళ్ళ నిలకడ వేగంలో అదే దూరం నుంచి 73 మించకూడదు. 1960ల నాటి తొలి బండ్లు అదే దూరం నుంచి 100 డెసిబెళ్ళ దాకా వెళ్ళేవి కనుక ఇది పెద్ద మెరుగే. అయితే ఈ ముద్ర మీకు చెప్పేది దారి పక్కన ఇల్లున్న మనిషికి ఎంత వినబడుతుందో మాత్రమే, బండి మీద కూర్చున్న మీకు ఎంత వినబడుతుందో కాదు. ఆరుబయట దూరం సగమైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. 50 అడుగుల నుంచి ఒక మీటరు దగ్గరకు వస్తే ఆ లెక్కన దాదాపు 24 డెసిబెళ్ళు. ఇంత దగ్గరలో ఈ సూత్రం అక్షరాలా పనిచేయదు, ఎందుకంటే బండి ఒక చుక్క కాదు, శబ్దం నాలుగైదు చోట్ల నుంచి వస్తుంది. అయినా పరిమాణం అర్థం కావడానికి అది చాలు: పక్కవాడికి మర్యాదగా వినిపించే బండి నడిపేవాడి చెవికి హాని చేసే స్థాయిలో ఉండవచ్చు.

హాని అంటే ఎంతో కూడా చెప్పాలి. వృత్తిపరమైన ఆరోగ్యాన్ని అధ్యయనం చేసే అమెరికా సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెళ్ళలో రోజుకు 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెళ్ళకూ సమయం సగం. అంటే 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 100కి పావుగంట. ఇది ఆరోగ్యంగా ఉన్న చెవుల కోసం వేసిన లెక్క. ఇప్పటికే హోరు ఉన్నవారు దీనికి బాగా లోపలే ఉండాలి. ఉదయం బయలుదేరి సాయంత్రం తిరిగివచ్చే ప్రయాణంలో 3 డెసిబెళ్ళ తేడా అల్పమైనది కాదని, అది మీకు దక్కే సమయాన్ని రెట్టింపు చేస్తుందని గుర్తుంచుకుంటే మిగతా సలహాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

నడిపేవారి చెవికి చేరే శబ్దానికి ప్రధానంగా మూడు మూలాలున్నాయి: ఇంజిన్ (దాని సైలెన్సర్, గాలి పీల్చే పెట్టె, క్లచ్చు బెల్టుతో కలిపి), కింద తిరిగే రబ్బరు ట్రాక్, హెల్మెట్ చుట్టూ కోసుకుపోయే గాలి. డెసిబెళ్ళ గణితం ఇక్కడ కొంచెం కఠినంగా ఉంటుంది. సమానమైన రెండు శబ్దాలు కలిస్తే 3 డెసిబెళ్ళే పెరుగుతుంది. కాబట్టి సమానమైన రెండింటిలో ఒకదానిని పూర్తిగా తీసేసినా 3 డెసిబెళ్ళే తగ్గుతుంది. మూడూ దాదాపు సమానంగా ఉన్న బండిలో ఇంజిన్‌ను మాయం చేసినా తగ్గేది 2 డెసిబెళ్ళ కంటే తక్కువ. అందుకే ఇంజిన్ ఒక్కదాని మీదే డబ్బంతా పెట్టి, మిగతా రెండింటినీ వదిలేసినవారు తరువాత నిరాశపడతారు. అలాగని ఇంజిన్ ముఖ్యం కాదని కాదు. సాధారణ టూ-స్ట్రోక్ బండిలో మిగతా రెండింటినీ ముంచేసేది అదే, ముందు దానిని వాటి స్థాయికి దించాలి.

టూ-స్ట్రోక్‌కూ ఫోర్-స్ట్రోక్‌కూ తేడా మీకు పరిచయమైనదే. మన ఊళ్ళలో ఒకప్పటి యమహా ఆర్‌ఎక్స్100ను, దాని పక్కన హీరో హోండా స్ప్లెండర్‌ను విన్నవారికి వేరే వివరణ అక్కర్లేదు. టూ-స్ట్రోక్ సిలిండర్ ప్రతి చుట్టులోనూ ఒకసారి పేలుతుంది, ఫోర్-స్ట్రోక్ రెండు చుట్లకొకసారి. 5,000 ఆర్‌పీఎం వద్ద రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ సెకనుకు 167 పేలుళ్ళు ఇస్తే, మూడు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ 125, రెండు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ 83 ఇస్తాయి. అంతకంటే ముఖ్యంగా, టూ-స్ట్రోక్‌లో బలం పుట్టేదే ఎగ్జాస్ట్ గొట్టంలో అటూ ఇటూ తిరిగే ఒత్తిడి అలల వల్ల. అందుకే ఆ ఉబ్బెత్తు పైపు ఆకారంతో ఎక్కువ రాజీపడలేరు, దాని లోహపు గోడల మోగుడు ముందు కవచాల గుండా నేరుగా మీ ఛాతీ వైపు వస్తుంది. స్కీ-డూ ఈ-టెక్ వంటి నేటి డైరెక్ట్ ఇంజెక్షన్ టూ-స్ట్రోక్‌లు పాత కార్బ్యురేటర్ బండ్లతో పోలిస్తే ఎంతో శుభ్రమైనవి, నిలిపి ఉంచినప్పుడు మర్యాదగానే ఉంటాయి. మీ మిత్రుడు చెప్పిన 850 ఈ-టెక్ 165 హార్స్‌పవర్ ఇస్తుంది, చాలా తేలిక. కొండల్లో లోతైన మెత్తటి మంచులో ఒంటరిగా తిరిగేవారికి నేనూ దానినే సూచిస్తాను. మీరు అలాంటివారు కారు.

టర్బో ఉంటే శబ్దం పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. సైలెన్సర్‌కు చేరేలోపే ఎగ్జాస్ట్ వాయువులు టర్బైన్ చక్రాన్ని తిప్పడంలో తమ శక్తిలో కొంత కోల్పోతాయి, వాటి దెబ్బల పదును తగ్గిపోతుంది. టర్బో ఒక విధంగా మొదటి సైలెన్సర్‌లా పనిచేస్తుంది. దానికి బదులుగా సన్నని ఈల ఒకటి వస్తుంది, థ్రాటిల్ వదిలినప్పుడు చిన్న బుస వినిపిస్తుంది. మీ హోరు సన్నని శబ్దాలకే రెచ్చిపోయే రకమైతే, దీనిని స్వయంగా విని చూడకుండా కొనకండి. టర్బోకు ఇంకో లాభం ఉంది: ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు మామూలు ఇంజిన్ సుమారు 3 శాతం బలం కోల్పోతే టర్బో ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. మినెసోటాలో ఇది పెద్ద విషయం కాదు కాని, ఎప్పుడైనా బండిని పడమటి రాష్ట్రాలకు తీసుకువెళ్ళే ఆలోచన ఉంటే లెక్కలోకి వస్తుంది.

పేర్లతో చెప్పాలంటే, ఈ అవసరానికి నా మొదటి ఎంపిక స్కీ-డూ గ్రాండ్ టూరింగ్ వరుసలో రోటాక్స్ 900 ఏస్ టర్బో ఇంజిన్ ఉన్న బండి. 899 సీసీ, మూడు సిలిండర్లు. 2019 నమూనాలో 150 హార్స్‌పవర్‌తో వచ్చింది, తరువాత 180 హార్స్‌పవర్ టర్బో ఆర్, 130 తరగతి కూడా వచ్చాయి. ఇద్దరికి 130 లేదా 150 పుష్కలం. 180 కోసం అదనంగా డబ్బు పెట్టమని నేను చెప్పను. టర్బో లేని 900 ఏస్ సుమారు 90–95 హార్స్‌పవర్ ఇస్తుంది. ఇది బహుశా మొత్తం వరుసలో చెవికి అత్యంత సౌమ్యమైన ఇంజిన్, ఒక్కరే తిరిగేటట్లయితే దీనితోనే ఆగిపొమ్మంటాను. ఇద్దరితో, సామానుతో, ఎదురుగాలిలో మాత్రం దానిని కాస్త ఎక్కువ తిప్పవలసి వస్తుంది. 60 హార్స్‌పవర్ పరిధిలోని 600 ఏస్ పొదుపులో మేటి అయినా మీ బరువుకు చాలదు. ఈ ఇంజిన్లలో థ్రాటిల్ తీగతో కాక విద్యుత్ సంకేతంతో పనిచేస్తుంది, ఎకో, స్టాండర్డ్, స్పోర్ట్ అనే మూడు పద్ధతులుంటాయి. ఎకోలో బండి ఉలిక్కిపడినట్టు దూకదు, శబ్దం కూడా ఒక్కసారిగా లేవదు. శబ్దం పడనివారిని స్థాయి ఎంత బాధిస్తుందో, ఆకస్మికత కూడా అంతే బాధిస్తుంది కాబట్టి ఇది నిజంగా పనికొచ్చే సౌకర్యం.

యమహా విషయానికి వస్తే, 2003 నమూనా ఆర్‌ఎక్స్-1తో బలమైన ఫోర్-స్ట్రోక్ స్నోమొబైల్ అనే మాటకు అర్థం తెచ్చిందే ఆ సంస్థ. కాని స్నోమొబైళ్ళ తయారీ నుంచి తప్పుకుంటున్నట్టు 2023లో ప్రకటించింది, ఉత్తర అమెరికాలో 2025 నమూనాలే చివరివి. సైడ్‌వైండర్, దాని తోబుట్టువైన ఆర్కిటిక్ క్యాట్ థండర్‌క్యాట్ 998 సీసీ టర్బోతో 200 హార్స్‌పవర్ తరగతిలో ఉంటాయి. అవి వేగం కోసం పుట్టినవి, వాటి గొంతూ అలాగే ఉంటుంది, మీకు వద్దు. ఆర్‌ఎక్స్-1, అపెక్స్ బండ్లు వాడినవి చవకగా, దృఢంగా దొరుకుతాయి. అయితే వాటి ఎగ్జాస్ట్ సీటు కిందుగా వెళ్ళి వెనుకవైపు తెరుచుకుంటుంది కాబట్టి, ముందు కూర్చున్నవారికి బాగున్నా, వెనుక కూర్చునే మీ శ్రీమతి గారికి అది సరిపడకపోవచ్చు. మినెసోటాలోనే పుట్టిన పొలారిస్ చాలాకాలం టూ-స్ట్రోక్‌లకే పరిమితమై, ఇటీవల ప్రోస్టార్ ఎస్4 అనే రెండు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్‌తో తిరిగి వచ్చింది. అది 90 హార్స్‌పవర్ తరగతి ఇంజిన్. మీ ఊరి దగ్గర పొలారిస్ దుకాణం మాత్రమే ఉండి, మరమ్మతుల సౌలభ్యం ముఖ్యమనుకుంటే చూడదగినదే, కాని దాని విషయంలో కింది పేరా చదివాక నిర్ణయించుకోండి.

డెసిబెళ్ళ అంకెలు ఒక సంగతిని దాచిపెడతాయి. మనం చూసే కొలతలన్నీ ‘ఎ’ తూకంతో వేసినవి. మనిషి చెవి మంద్ర శబ్దాలను తక్కువగా వింటుందన్న లెక్కతో, ఆ తూకం 125 హెర్ట్జ్ దగ్గర 16 డెసిబెళ్ళు, 80 హెర్ట్జ్ దగ్గర 22 డెసిబెళ్ళకు పైగా కోసేస్తుంది. కాబట్టి ఒకే అంకె చూపించే రెండు బండ్లలో ఒకటి చెవిని గుచ్చవచ్చు, ఇంకొకటి చెవిని వదిలి తలనూ ఛాతీనీ గుయ్యిమని ఊపవచ్చు. తలనొప్పి వచ్చేవారిలో చాలామందిని బాధించేది ఈ రెండో రకమే. రెండు సిలిండర్ల పెద్ద ఫోర్-స్ట్రోక్‌ల పేలుళ్ళు మంద్ర స్థాయిలో, ఎడం ఎడంగా వస్తాయి; అదురును తగ్గించే బ్యాలెన్సర్ ఎంత బాగున్నా కొన్ని ఆర్‌పీఎంల వద్ద సీటూ హ్యాండిలూ కలిసి గుమ్మంటాయి. మూడు సిలిండర్లవి ఈ విషయంలో నున్నగా ఉంటాయి. నేను మూడు సిలిండర్ల మీద పట్టుబట్టడానికి ఇదే అసలు కారణం. పరీక్షగా నడిపేటప్పుడు మీ శ్రీమతి గారిని వెనుక కూర్చోబెట్టి, గంటకు 40 నుంచి 70 కిలోమీటర్ల దాకా వేగాన్ని మెల్లగా పెంచుతూ, ఏ వేగంలో గుయ్యిమంటోందో ఆవిడనే చెప్పమనండి. ఆ వేగం మీరు రోజూ వెళ్ళే వేగమే అయితే ఆ బండి మీది కాదు.

ట్రాక్ గురించి అమ్మేవారు దాదాపు ఏమీ చెప్పరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. రబ్బరు ట్రాక్‌లో అడ్డంగా ఫైబర్‌గ్లాస్ కడ్డీలు క్రమమైన దూరంలో ఉంటాయి. ఆ దూరాన్ని పిచ్ అంటారు, దారి బండ్లలో అది సాధారణంగా 2.52 లేదా 2.86 అంగుళాలు. బండి కదులుతుంటే కింది చిన్న చక్రాలు ఒక్కొక్క కడ్డీ మీదుగా ఎక్కి దిగుతాయి, నడిపే పళ్ళచక్రం ఒక్కొక్క పన్నుగా ట్రాక్‌ను అందుకుంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 2.52 పిచ్ ట్రాక్ సెకనుకు సుమారు 260 సార్లు, 2.86 పిచ్ ట్రాక్ 230 సార్లు అలా తట్టుకుంటుంది. మీకు వినిపించే ఆ నిలకడైన మూలుగు అదే, మామూలు హెల్మెట్ పెద్దగా ఆపలేని స్థాయిలోనే ఉంటుంది. స్కీ-డూ తన టూరింగ్, ఎక్స్‌పెడిషన్ బండ్లలో సైలెంట్ డ్రైవ్ అనే పేరుతో పళ్ళచక్రాన్నీ ట్రాక్‌నూ ఈ తట్టును తగ్గించేలా మార్చింది. అది ప్రచారం కోసం పెట్టిన పేరు మాత్రమే కాదు, పక్కపక్కన నడిపి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ బండి నా జాబితాలో పైన ఉండడానికి ఇంజిన్‌తో పాటు ఇదీ కారణమే.

ట్రాక్ మీది రబ్బరు పళ్ళ ఎత్తు దారులకు 1.25 అంగుళాలు చాలు. మెత్తటి మంచు కోసం చేసిన 2 అంగుళాల పళ్ళు గట్టిపడిన దారి మీద చరుచుకుంటూ వెళతాయి. మంచుగడ్డ మీద పట్టు కోసం దిగేసే లోహపు మేకులు భద్రతకు మంచివే, కాని రోడ్డు దాటేచోట్ల, రాళ్ళు తేలినచోట్ల వాటి గీరుడు మీకు నచ్చదు. సరస్సుల మీద ఎక్కువగా తిరగనివారు మేకులు లేని ట్రాక్‌తో మొదలుపెట్టవచ్చు. ఇంకో చిన్న విషయం ఏమిటంటే, తాజా మంచులో నడిచేటప్పుడు కింది ప్లాస్టిక్ పట్టీలకు మంచు తడి అందుతుంది, శబ్దం కూడా మంచు పీల్చుకుంటుంది. అదే బండి గడ్డకట్టిన గట్టి దారి మీద వేరే బండిలా వినిపిస్తుంది. కొత్తగా మంచు కురిసిన మర్నాడు పరీక్షించి మురిసిపోవద్దు.

గాలి సంగతి. మోటార్‌సైకిల్ నడిపేవారి మీద జరిగిన కొలతలలో గంటకు సుమారు 65 కిలోమీటర్లు దాటాక హెల్మెట్ లోపల గాలి రొదే ఇంజిన్ శబ్దాన్ని మించుతుందని తేలింది. స్నోమొబైల్‌కూ భౌతికశాస్త్రం అదే. ఎత్తైన విండ్‌షీల్డ్ ఉన్న టూరింగ్ బండిని కోరేది చలికోసమే కాదు, దీనికోసం కూడా. అయితే షీల్డ్ పై అంచు సరిగ్గా మీ కళ్ళ ఎత్తుకు వస్తే, ఆ అంచు నుంచి చిరిగిన సుడిగాలి నేరుగా హెల్మెట్‌ను కొట్టి, షీల్డ్ లేనప్పటికంటే ఎక్కువ రొద చేస్తుంది. సీటు మీద కూర్చుని, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో తలను రెండు మూడు అంగుళాలు పైకీ కిందికీ కదిపి చూడండి. కిందికి వంచగానే నిశ్శబ్దం వస్తే మీకు ఇంకో అంగుళం రెండంగుళాల ఎత్తైన షీల్డ్ కావాలి. వెనుక కూర్చున్నవారి తల ఎత్తుగా ఉంటుంది కాబట్టి వారికి ఈ పరీక్ష వేరుగా చెయ్యాలి.

హెల్మెట్ గడ్డం దగ్గర, చెవుల దగ్గర బిగుతుగా అంటుకుని ఉండాలి, మెడ దగ్గర గాలి దూరకూడదు. మనవాళ్ళు కొందరు చలికి భయపడి హెల్మెట్ లోపల ఊలు మంకీ క్యాప్ వేసుకుంటారు. దాని మడతలు హెల్మెట్ మెత్తలను ఎత్తిపెట్టి సందులు చేస్తాయి, చలి ఆగినా రొద లోపలికి వస్తుంది. పలుచని, ఒంటికి అంటుకునే బాలక్లావా అదే వెచ్చదనం ఇస్తుంది. చెవిలో పెట్టుకునే ఫోమ్ బిరడాల పెట్టె మీద 33 డెసిబెళ్ళని రాసి ఉన్నా, మామూలుగా పెట్టుకుంటే దక్కేది అందులో సగం కంటే తక్కువేనని లెక్క వేసుకోవడం మంచిది. వేలితో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపల అది ఉబ్బేదాకా పట్టుకుంటేనే పూర్తి ఫలితం. ఎదుటి బండ్ల శబ్దం వినిపించడం భద్రతకు అవసరం కాబట్టి శబ్దాన్ని సమంగా తగ్గించే ఫిల్టర్ బిరడాలను, వీలైతే చెవి కొలత ఇచ్చి చేయించుకున్నవాటిని నేను ఇష్టపడతాను. కాని హోరు, శబ్ద అసహనం ఉన్నవారు బండి దిగాక కూడా బిరడాలు ఉంచుకోవడం అలవాటు చేసుకుంటే ఆ అసహనం పెరగవచ్చని ఆడియాలజిస్టులు (వినికిడి నిపుణులు) హెచ్చరిస్తారు. మీరు ఏది, ఎంతసేపు వాడాలో మీ ఆడియాలజిస్టునే అడగండి. దుకాణదారునీ, నన్నూ కాదు.

ఎలక్ట్రిక్ బండ్లను నేను తీసిపారెయ్యడం లేదు. మాంట్రియల్‌కు చెందిన తైగా సంస్థ 2022లో తొలి బండ్లు అందించింది, 100 కిలోమీటర్ల దాకా వెళతాయని చెప్పింది; 2024లో అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోసం కోర్టుకు వెళ్ళి, తరువాత యజమాని మారింది. స్కీ-డూ తయారీ సంస్థ బీఆర్‌పీ 2024 నమూనాగా గ్రాండ్ టూరింగ్ ఎలక్ట్రిక్‌ను తెచ్చింది, దాని పరిధి సుమారు 50 కిలోమీటర్లు, అది ప్రధానంగా గైడ్‌తో చిన్న చిన్న చుట్లు తిప్పే సంస్థల కోసం ఉద్దేశించినది. డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా సాగే నార్త్ షోర్ స్టేట్ ట్రయల్ పొడవు 146 మైళ్ళు, అంటే దాదాపు 235 కిలోమీటర్లు. చలిలో బ్యాటరీ ఇంకా తగ్గుతుంది. దారి మధ్యలో ఛార్జింగ్ కోసం ఎక్కడ ఆగుతారో ముందు తేల్చుకోండి. శబ్దం పరంగా కూడా, పైన చెప్పిన గణితం ప్రకారం, 60 వేగంలో ట్రాక్, గాలి ఎక్కడికీ పోవు. పైగా ఇంజిన్ కప్పిపెట్టిన పళ్ళచక్రాల సన్నని కీచు బయటపడుతుంది, అది కొందరి హోరును సరిగ్గా తట్టిలేపే స్థాయిలో ఉంటుంది. సొంత సరస్సు చుట్టూ తిరిగేవారికి, పొలంలో పనిచేసుకునేవారికి మాత్రం ఇంతకంటే హాయైనది లేదు.

వాడిన బండి చూస్తే ముందుగా సైలెన్సర్ అసలుదో కాదో తేల్చుకోండి. బరువు తగ్గుతుందని, ‘మంచి సౌండ్’ వస్తుందని చాలామంది దానిని తీసి తేలికపాటి డబ్బా బిగిస్తారు. మినెసోటాతో సహా అనేక రాష్ట్రాల్లో అది చట్టవిరుద్ధం, మీకైతే చట్టంతో పని లేకుండానే అనర్హం. ఎగ్జాస్ట్ అతుకుల దగ్గర నల్లటి మసి కనిపిస్తే గ్యాస్కెట్ కారుతోందని అర్థం, దాని టపటప చల్లని ఇంజిన్‌లో బాగా వినిపిస్తుంది. పక్క కవచాలు తెరిచి లోపలి ఫోమ్ పొరలు చినిగిపోలేదని చూసుకోండి, వాటిని మార్చడం చవకే కాని చాలామంది మార్చరు. బండి వెనుక భాగాన్ని స్టాండ్ మీద ఎత్తి, ఎదుట గానీ వెనుక గానీ ఎవరూ లేకుండా చూసి, ట్రాక్‌ను మెల్లగా తిప్పించండి. చిన్న చక్రాల బేరింగులు పోతే గరగర, ట్రాక్ వదులైతే చరుపు, చైన్ వదులైతే కటకట విడివిడిగా తెలుస్తాయి. ఇవన్నీ సరిచేస్తే పాత బండి కూడా ఆశ్చర్యపడేంత మెత్తబడుతుంది. సన్నగా కీచుమనే పాత బెల్టును మాత్రం బేరం ఆడకుండా మార్చేయండి.

కొనేముందు విని చూడడానికి మంచి చోటు ఎల్లోస్టోన్ జాతీయ పార్కు. ఒకప్పుడు ఆ పార్కు పడమటి ద్వారం దగ్గర పొగ ఎంత ఎక్కువయ్యిందంటే 2002 ప్రాంతంలో టికెట్లిచ్చే సిబ్బంది ముక్కుకు పొగను వడగట్టే మాస్కులు తగిలించుకుని పనిచేశారు. ఆ తగాదాల ఫలితంగా వచ్చిన నియమాల వల్ల ఇప్పుడు అక్కడికి పొగ, శబ్దాల పరీక్ష నెగ్గిన బండ్లనే రానిస్తారు: గంటకు 35 మైళ్ళ నిలకడ వేగంలో 67 డెసిబెళ్ళు మించకూడదు. ఈ 67ను పైన చెప్పిన 78తో నేరుగా పోల్చకండి, అది పూర్తి థ్రాటిల్ మీద కొలిచినది, ఇది నిలకడ వేగంలో కొలిచినది. అయినా పార్కు సంస్థ ప్రచురించే అనుమతి పొందిన నమూనాల జాబితా మీలాంటి కొనుగోలుదారుకు ఉచితంగా దొరికే వడపోత. మీరు చూస్తున్న ఇంజిన్, సంవత్సరం అందులో ఉందో లేదో చూడండి. వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరిలో ఇద్దరు కూర్చునే అలాంటి బండిని గైడ్‌తో సహా ఒక రోజుకు అద్దెకు తీసుకుంటే, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ దాకా, ఒకవైపే సుమారు 50 కిలోమీటర్లు, వెళ్ళి రావచ్చు. దుకాణం వెనుక పది నిమిషాలు తిప్పితే తెలియని సంగతి, మీ శ్రీమతి గారికి తలనొప్పి వస్తుందో రాదో, ఆ సాయంత్రానికి తెలిసిపోతుంది.

ఫోన్‌తో కొలవాలనుకుంటే నియోష్ వారి ఉచిత యాప్ ఐఫోన్‌లో ఉంది. దానిని కదిలే బండి మీద వాడకండి, మైకుకు గాలి తగిలితే అంకెలన్నీ అబద్ధాలే. నిలిపిన బండిని ఖాళీగా నడవనిచ్చి, సైలెన్సర్ ఉన్న వైపు ఒకే దూరంలో నిలబడి, రెండు మూడు బండ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఫోర్-స్ట్రోక్ టూరింగ్ బండి టూ-స్ట్రోక్ కంటే ముప్పై కిలోలకు అటూ ఇటూ ఎక్కువ బరువు ఉంటుంది, ముందుభాగం మరీ బరువు. లోతు మంచులో కూరుకుపోతే ఇద్దరూ కలిసి లాగవలసిందే. గుంపులో వెళ్ళేటప్పుడు ముందు బండికి బాగా ఎడం ఇవ్వండి, లేదా మీరే ముందుండండి; మీ బండి ఎంత మెత్తనిదైనా, పది మీటర్ల ముందు వెళ్ళే మిత్రుడి 850 మీకు ఆ లాభం మిగల్చదు. చివరగా కొనుగోలు సమయం: కంపెనీలు తరువాతి ఏడాది నమూనాలకు వసంతకాలంలో ముందస్తు ఆర్డర్లు తీసుకుంటాయి, కొన్ని టూరింగ్ కూర్పులు ఆ కొద్ది వారాల్లో అడిగినవారికే దొరుకుతాయి. కాబట్టి అద్దె ప్రయాణాన్ని, దుకాణాల్లో వినికిడి పరీక్షలను ఫిబ్రవరిలోగా ముగించుకోండి. ఆర్డర్ పత్రంలో 900 ఏస్ టర్బో, 1.25 అంగుళాల మేకులు లేని ట్రాక్, ఎత్తైన షీల్డ్ అని విడివిడిగా రాయించుకోండి.